తల్లి పాత్ర పోర్షన్

మద్రాసులో రెండు దశాబ్దాలు సినిమాలకు కథలూ మాటలూ రాసి, పని తగ్గాక అరకు చేరిన పెద్దాయన వద్ద నేను ఏడేళ్లు శుద్ధప్రతులు రాశాను. తొంభైల చివర ఆయన చూపు మందగించింది. సినిమా మాటలు నిలవవని ఆయనకు తెలుసు. తన పేరిట ఒక్క నాటకమైనా పుస్తకంగా చూసుకోవాలన్నదే మిగిలిన కోరిక.

మద్రాసు వెళ్లకముందు ఆయన రాసి, డొంకరాయి ప్రాజెక్టు క్యాంపులో ఆడించిన నాటకం ఒకటుంది, కానీ దానికి పూర్తి ప్రతి లేదు. అప్పట్లో ఒక్కొక్క నటుడికి అతని సంభాషణలు మాత్రమే, ప్రతిదానికీ ముందు ఎదుటివాడి చివరి రెండు మాటలు చేర్చి, రాసి ఇచ్చేవారు. దాన్ని పోర్షన్ అనేవారు. పదకొండు నెలల్లో నాలుగు పోర్షన్లు సంపాదించాను. తల్లి పాత్రకు కాగితమే లేదు. ఆ వేషం కట్టినామె క్యాంపులో రాళ్లు మోసిన కొండ మనిషి. చదువు రాదు, విని నేర్చుకుంది.

ఒక గురువారం, హుకుంపేట దాటి వెళ్లి, చోడి (రాగి) చేలో ఆమెను కలుసుకున్నాను.

"ఆయన రాసిన మాటలా? పంతులు మంత్రాల్లాగుండేవి బాబూ. మొదటాటకి జనం కునికిపాట్లు. రెండో ఆటకి నా మాటలే నాను సెప్పినాను. ఆయనే కుర్సీలో కూకుని ఏడిసినాడు."

"అవి గుర్తున్నాయా అమ్మా?"

"కొడుకు సొరంగంలో పోనాక తల్లి ఏటంతాదో మర్సిపోతానేటి? రాసుకో. కొండ తవ్వమన్నాను గాని, కొండలో ఉండిపొమ్మన్నానేటిరా..."

ముప్పై ఒక్క సంభాషణలు చెప్పింది. ఇంటికి వచ్చి, మిగతా పోర్షన్లలో ఉన్న తల్లి చివరి మాటలతో వాటిని సరిచూశాను. నాలుగే కలిశాయి.

పెద్దాయనకు చదివి వినిపించాను. సొరంగం ఘట్టం దగ్గర ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూశావటయ్యా, ఎలా రాశానో."

"ఇవి తన మాటలేనంది, మాస్టారూ. ఇరవై ఏడు చోట్ల మిగతా పోర్షన్లతో కలవడం లేదు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"పోర్షన్లు ఎత్తి రాసినవాడెవడో తప్పు రాశాడు. దిద్దు."

ఆ నాలుగు పోర్షన్లూ ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. ఆ మాట నేను అనలేదు. రెండు రోజులు కూర్చుని, ఆ ఇరవై ఏడు చోట్లా పోర్షన్లనే ఆమె మాటలకు తగ్గట్టు దిద్దాను.

విశాఖపట్నంలో ఆవిష్కరణ సభ జరిగింది. మాట్లాడిన ముగ్గురూ తల్లి మాటలనే ఎత్తి చదివారు. కొండ జనం గుండె ఇంతగా తెలిసిన రచయిత మరొకరు లేరన్నారు. ఆయన తల వంచుకుని విన్నారు. ఆపైన, చెదిరిన నాటకాన్ని సేకరించినందుకు నన్నూ వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను.