చూడకుండా చెప్పిన పది

జనవరిలో మంచుకొండల మీది సైన్యం పోస్టుకు చేరాం. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. చివరి మూడు కిలోమీటర్లు నడుముకు తాడు కట్టుకుని ఒకరి వెనక ఒకరం నడిచాం. ఫైబర్ గుడిసె ఒకటి, కిరోసిన్ స్టవ్వు ఒకటి, ఎనిమిది మందిమి. నేను నాయక్‌ను, సిపాయిల మీద హోదా నాది; కోరుట్ల పక్క పల్లె మాది. రేడియో ఆపరేటర్ సిపాయి, సిరిసిల్లవాడు. వాళ్లింట్లో మరమగ్గాలు నడిపేవారు. అక్కడ వాటిని సాంచాలు అంటారు.

మొదటి రోజే కమాండర్ ఆర్డరు వినిపించాడు. కాపలా ఇద్దరిద్దరు, రెండేసి గంటలు. దిగే ముందు ఒకరి గ్లోవులు ఒకరు విప్పి వేళ్లు చూడాలి. రంగు మారిందా, నొక్కితే తెలుస్తోందా. చూశాక నాయక్ రేడియోలో కింది బేస్‌కు చెప్పాలి: "దస్, దస్." వాడివి పది, నావి పది.

కాపలాలో ఆపరేటర్ నా జత. నేను వేళ్లు నొక్కి చూస్తుంటే నవ్వేవాడు. "పిల్లనిచ్చినప్పుడు మా మామ సుత గింత మంచిగ చూడలేదన్నా నా చేతులు."

సాయంత్రం ఇచ్చే రమ్ము దాచుకుని నేను పగలు తాగేవాణ్ణి. మన దగ్గర దాని పేరే మందు. సెలవుకొస్తే చుట్టాలు ముందు సంచి చూసేవాళ్లు, తర్వాత నా ముఖం. మిలిటరీ మందట. బాలింతకు ఒక మూత, దగ్గొచ్చిన పిల్లకు ఒక చెంచా. విషానికి మందని పేరు పెట్టుకున్న జనంలోంచే నేనూ వచ్చాను. రమ్ము వేడి పుట్టించదు. చర్మం కిందికి రక్తాన్ని తోసి, లోపలి వేడిని బయట పారేస్తుంది. వెచ్చగా ఉన్నట్టుంటుంది, మనిషి చల్లబడుతుంటాడు. ఈ సంగతి మాకు శిక్షణలో చెప్పారు. నేను చుట్టాల మాట నమ్మాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండు నుంచి నాలుగు దాకా మా కాపలా. మైనస్ ముప్పై ఒకటి. గాలికి యాంటెన్నా తీగ తెగితే ఆపరేటర్ పై గ్లోవు తీసి కట్టాడు. నేను అప్పటికే తాగి ఉన్నాను, వాడికీ రెండు గుక్కలు పోశాను. నాలుగింటికి రేడియో అడిగింది. చూడకుండా "దస్, దస్" అన్నాను.

ఆరింటికి గుడిసెలో గ్లోవు విప్పితే కుడిచేతి నాలుగు వేళ్లు మైనంలా ఉన్నాయి. హెలికాప్టర్ మూడో రోజు వచ్చింది. అప్పటికి నల్లబడ్డాయి.

విచారణలో నన్నడిగారు. "దిగేటప్పుడు బాగున్నాయి సాబ్. తర్వాత తనే గ్లోవు తీశాడు" అన్నాను. వాడి డిశ్చార్జి కాగితం మీద "స్వీయ నిర్లక్ష్యం" అని రాసి ఇంటికి పంపారు.

మూడేళ్లకు నేనూ ఊరు చేరాను. శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకునే తాగాను. నా భార్య మాల వేయించింది. నలభై ఒక్క రోజులు ముట్టలేదు. జనం మహిమ అన్నారు. నలభై రెండో రోజు జగిత్యాల బస్టాండులో పడి ఉంటే వాళ్లే తప్పుకుని నడిచారు. మెడలో పూస ఉన్నంతసేపు భయం కాపలా కాసింది. పూస తీశాక, లోపల దాచిన అబద్ధం అక్కడే ఉంది.

నా భార్య ఏడవలేదు. "సర్కారు దవాఖానకు నడువు. దేవుని కాడికి ఇగ నేను రాను" అంది.

జగిత్యాలలో డాక్టరమ్మ ఒట్లు అడగలేదు. "చేతులు చాపు" అంది. పది వేళ్లూ వణికాయి. నా నోట "దస్" అని వచ్చింది. వెంటనే మిగతాదంతా వచ్చేసింది.

విని, మందుల చీటీ రాస్తూ అంది: "నాకు చెప్తే ఏమొస్తది? గాయినకు చెప్పినవా?"

ఐదు నెలలు మందులు మింగాను, సీసా ముట్టలేదు. చేతులు వణకడం ఆగాక సిరిసిల్ల పోయాను.

వాళ్ల షెడ్డులో ఎనిమిది సాంచాలు ఆడుతున్నాయి. ఆపరేటర్ నన్ను చూశాడు, పని ఆపలేదు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను: ఆ రోజు తాగి ఉన్నాను, నీ వేళ్లు చూడలేదు.

"నాకెరుకనే" అన్నాడు. "వేళ్లు తిమ్మిరైతున్నయ్, జర చూడన్నా అని రెండుసార్లు అడిగిన. మందు పడ్డదిగ, ఏం కాదు తియ్ అని నవ్వినవు. యాదికుందా?"

లేదు. ఈ రోజుకీ గుర్తు లేదు.

"దవాఖానల సుత చెప్పిన. నాయక్ మాట ఉండంగ సిపాయి మాట ఎవలింటరు?"

"మాఫ్ చెయ్ తమ్మీ."

"మాఫీ నీకక్కెరకొస్తది, నాకెందుకు? గాడ మా బాపు ఉన్నడు. గ్లోవు ఏసుకునే తెలివిలేనోడని ఇన్నేండ్లు నన్ను తిట్టిండు. పోయి చెప్పు. సాంచల చప్పుడుకు చెవులు పోయినయ్, గట్టిగ చెప్పు."

అరిచాను. ముసలాయన చెయ్యి చెవికి పెట్టి "ఏంది?" అన్నాడు. మళ్లీ అరిచాను. ఒక సాంచ ఆగింది. ఇంకోటి ఆగింది. మూడోసారి అరిచేసరికి షెడ్డంతా ఆగిపోయింది. నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మోగింది: "తాగి అబద్ధం చెప్పిన! నీ కొడుకు తప్పు లేదు!"

ముసలాయన కొడుకు చేతులు రెండూ పట్టుకుని నా ముందుకు లాగాడు.

"ఇప్పుడు చూడు. చూసి చెప్పు."

ఒక్కొక్కటీ ముట్టుకుని లెక్కపెట్టాను. "ఆరు."

"ఆఁ" అన్నాడు. ఎవరూ నన్ను కూర్చోమనలేదు. వాడి కాగితం మీది "స్వీయ నిర్లక్ష్యం" కొట్టేయించడానికి నా వాంగ్మూలం అక్కడే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

తిరుగు బస్సులో, పట్టపగలు, ఏ మందూ లేకుండా నిద్రపోయాను. జగిత్యాలలో కండక్టర్ తట్టి లేపాడు. శాంతి అంటే నాకు తెలిసింది అంతే. ఏ దేవుడూ దాన్ని ఇవ్వలేదు.

రోజూ పొద్దున చేతులు చాపి చూసుకుంటాను. పది, వణకవు. కానీ నాకు కనబడేవి అవి కావు. ఆ రోజు షెడ్డులోంచి బయటికొస్తూ వెనక్కి చూశాను. సాంచ మీద పోగు తెగింది. వాడు ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొసను కుడి బొటనవేలితో మొండి అరచేతికి అదిమి, ఎడమ చేత్తో ముడి వేస్తున్నాడు.