కరియడికి పరిచిన తొక్కలు

ఇన్నాళ్లూ ఇది రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. తమిళనాట ధర్మపురి పల్లెల్లో మా బోటివాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా చిన్నప్పుడు ఆడపిల్లను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. పంపినా అక్కడ తెలుగు అక్షరం చూపేవాళ్లు లేరు. తల నెరిశాక, కుప్పం నుంచి వచ్చిన మా కోడలు చేటలో రాగిపిండి పరిచి, నా వేలు పట్టుకొని దిద్దించింది. నిన్న సాయంత్రం విత్తనానికి వేరుశనగ కాయలు వలిచి లేవబోతే తొక్కలు కాలి కింద కరకరమన్నాయి. ఎండిన మట్టి వాసన ముక్కుకు తగిలింది. వెంటనే మా కరియడు గుర్తొచ్చాడు.

కరియడు మా ఇంటి నల్లకుక్క. అవి రెండో ప్రపంచయుద్ధం నాటి రోజులు. కిరసనాయిలు దొరక్క పొద్దు గుంకకముందే ఉలవకట్టులో సంగటి ముంచుకొని తినేసేవాళ్లం. చివరి ముద్ద కరియడిది. ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చితే మొదటిదీ వాడిదే, కాకపోతే నెయ్యి లేకుండా; నెయ్యి తింటే కుక్కకు బొచ్చు రాలుతుందని మా అవ్వ నమ్మకం.

అప్పట్లో మోటార్లు లేవు, బావి నీళ్లు తోడడానికి నాయన కపిల తోలేవాడు. జత ఎద్దులు బావి గట్టు నుంచి పల్లపు బాటలోకి దిగుతుంటే మోకు బిగిసి, తోలుబాన నిండుగా పైకొచ్చేది. కాలువలోకి నీళ్లు దూకాక ఎద్దులు వెనక్కి తిరగకుండా అలాగే వెనకడుగులు వేసుకుంటూ బావి దగ్గరికి వచ్చేవి, బాన మళ్లీ దిగేది. కానుగ పూలు రాలే ఎండల్లోనూ, మంచు పట్టిన పొద్దుల్లోనూ కరియడు ఎద్దుల వెనకే దిగేవాడు. అవి వెనక్కి వస్తుంటే పక్కకు తప్పుకొని కానుగ చెట్టు కింద నిలబడేవాడు. వాడూ కపిల తోలుతున్నాననే అనుకునేవాడేమో.

వాడు ముసలివాడయ్యాక కళ్లలో పాలపొర కమ్మింది, నడుము వంగింది, ముందుకాళ్ల మడతల దగ్గర పుండ్లు పడ్డాయి. వాడి చాకిరీ అంతా నాదే. పిడుదులు ఏరేదాన్ని, పుండ్లకు కానుగ నూనెలో పసుపు కలిపి రాసేదాన్ని, పళ్లు ఊడినవాడికి రాగిజావలో మజ్జిగ పోసి పట్టేదాన్ని, ఎండ జరిగే కొద్దీ వాడి గోనెపట్టా జరిపేదాన్ని. కానీ కపిల చప్పుడు వినబడితే వాడు గోనె మీద ఆగేవాడు కాదు. కనబడకపోయినా ఎద్దుల వెనక చేరేవాడు.

పక్కకు తప్పుకోవాలంటే కళ్లుండాలి కదా. ఒకనాడు ఎద్దులు వెనకడుగు వేస్తూ వేస్తూ వాడిని అంచుదాకా నెట్టుకొచ్చాయి, వాడు బావిలో పడ్డాడు. నాయన దూకి, వాడిని తోలుబానలో కూర్చోబెట్టి కేకేస్తే ఎద్దులను అదిలించింది నేనే. నీళ్లతోబాటు పైకొచ్చిన కరియడు తుమ్మి, ఒళ్లు విదిలించి, మళ్లీ ఎద్దుల దగ్గరికే పోబోయాడు.

నాయన పంచె పిండుకుంటూ, "ఇంక వీణ్ణి పెట్టుకోలేం. తాగే నీళ్ల బాయి ఇది. సంతనాడు బండి పెన్నాగరం పోతాది గదా, ఆ పక్క అడివిలో విడిచేసి వస్తా" అన్నాడు.

అరుగు మీద కూర్చున్న అవ్వకూ పొర కమ్మిన కళ్లే. "కండ్లు పోయినోళ్లను అడివిలో విడిచేదయితే ముందు నన్ను బండెక్కించురా" అంది.

"నువ్వేమన్నా బాయిలో పడినావా అమ్మా?"

"యాల పడలేదో తెల్సునా? కండ్లు పోయినా కాళ్లుండాయి. పొట్టు తగిల్తే దొడ్డి వచ్చెననుకుంటా, చల్లగా బండ తగిల్తే తొట్టి వచ్చెననుకుంటా. నిలబడిపోతా."

ఆ మాట నా చెవిన పడింది. సంత దాకా చూడమని నాయనను బతిమాలి, చేటలకొద్దీ వేరుశనగ తొక్కలు తెచ్చి, బావి అంచుకు ముందు ఎద్దుల బాటకు అడ్డంగా మందంగా పరిచాను. పక్కింటి మునెమ్మత్త నవ్వింది.

"ఏమే పాపా, కుక్కకు పరుపు పరస్తాండావా? రేపు మొగుడికన్నా పరస్తావా?"

"నీకు గూడా పరస్తాలే అత్తా, నువ్వూ ముసిలయితాండావు గదా!"

మొదటి రోజు కరియడు ఆ తొక్కల మీదకొచ్చి, మెత్తగా ఉందని చుట్ట చుట్టుకొని పడుకున్నాడు. మునెమ్మత్త చాలాసేపు నవ్వింది. అవ్వ ఊరుకోలేదు. కర్ర పట్టుకొని వచ్చి కానుగ చెట్టు కింద కూర్చుంది. వాడి కాలు తొక్కలకు తగిలి కరకరమనగానే ఆమె కర్రతో నేలను తట్టి "రారా" అనేది; వాడు ఆ పక్కకు వస్తే ఒక సంగటి ముద్ద. నేను వాడిని మళ్లీ బాటలోకి నడిపించేదాన్ని. ముద్దలు చేసి చేసి నా గోళ్లలో రాగి ఎండిపోయేది.

సంత రోజు పొద్దున ఆముదాల మూటలు బండికెక్కాయి. నాయన ఎద్దులను బండికి కట్టకుండా కపిలకు కట్టాడు. చప్పుడు విని కరియడు వచ్చాడు. ఆ పొద్దు కర్ర తట్టవద్దన్నాడు నాయన, ముద్ద చూపవద్దన్నాడు. ఎద్దులు దిగాయి, బాన వచ్చింది, ఎద్దులు వెనకడుగు వేశాయి. తొక్కలు కరకరమన్నాయి. కరియడు ఆగాడు, చెవులు నిక్కించాడు, తనంతట తాను కానుగ చెట్టు కిందికి నడిచాడు.

నాయన మోకు విప్పాడు. "వాణ్ణి ఉండనీ. తొక్కలు తడిస్తే చప్పుడు రాదు, కొత్తవి వేస్తా ఉండు" అని చెప్పి, మూటలతో మాత్రమే పెన్నాగరం వెళ్లాడు.

ఆ తరువాత వాడు రెండు ఉగాదుల ఓళిగలు తిన్నాడు. గోనెపట్టా మీద, ఎండలో, నా చేయి తల మీద ఉండగా పోయాడు. మా ఇంటి కుక్క మా ఇంట్లోనే పోయింది. ఈ మాట నా చేత్తో రాస్తుంటే ఈ వయసులోనూ గర్వంగా ఉంది.

ఇప్పుడు కపిల లేదు. ఎద్దుల బాట పూడ్చి చదును చేశారు, బోరు నీళ్లు గొట్టంలో వస్తున్నాయి. తోలుబాన కుట్టేవాళ్లు లేరు. విత్తనానికి తప్ప కాయలన్నీ మిషనే వలుస్తుంది, తొక్కలు లారీలో పోతాయి. కానుగ చెట్టు ఉన్నచోట మనవళ్లు స్కూటర్లు నిలుపుతారు. దాని కిందే కరియడిని పూడ్చామని వాళ్లకు తెలియదు.

వాడిని పూడ్చిన మరుసటి పొద్దున నేను ఎప్పటిలాగే లేచి, చేట నిండా కొత్త తొక్కలు పట్టుకొని బావి దగ్గరికి పోయాను. "ఇంకెవురికే?" అన్నాడు నాయన, కపిల కట్టబోతూ. అంతలో వెనక కర్ర చప్పుడు వినబడింది. కరియడికి ముద్ద పెట్టే వేళకు అలవాటుగా అవ్వ వస్తోంది. నాయన ఎద్దులను ఆపుకొని నిలబడ్డాడు. నేను తొక్కలు అంచు పొడవునా పరిచాను.