మగ్గం చప్పుడులో దాచిన దగ్గు

దగ్గు మందు మానేసి ఏడు నెలలైంది. అయినా నారాయణపేటలో మందుల షాపు కనబడితే చాలు, నా కాళ్లు కుదురుగా ఉండవు. రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను. జలుబని మొదలుపెట్టిన సీసా నాలుగేళ్లు నన్ను వదల్లేదు. మత్తు మాన్పించే దవాఖానకు తీసుకుపోయి, నేను వణుకుతుంటే చెయ్యి పట్టుకొని కూర్చున్నది నా భార్యే.

మానేశాక అసలు దగ్గు బయటపడింది. అన్నాళ్లూ ఆ మందే దాన్ని అణిచిపెట్టింది. లోపల బీడీలకు ఊపిరితిత్తులు పాడవుతున్న సంగతి నాకే తెలియలేదు. పైగా మందు లేని వెలితికి బీడీలు రెండింతలు చేశాను. ఎంత తెలివో!

మగ్గం గుంటలో పది నిమిషాలు నిలకడగా కూర్చోలేకపోయేవాణ్ని. దగ్గు వచ్చేది, దగ్గడానికి భయం. షాపు ముందు దొంగదగ్గు దగ్గి సీసాలు తెచ్చుకున్నవాణ్ని కదా, ఇప్పుడు నిజంగా దగ్గినా నా భార్య మళ్లీ సీసా కోసమే అనుకుంటుంది. అందుకని దగ్గు గొంతులోకి రాగానే అడ్డంగా వేసే పేక దారం మీద మగ్గం పలకతో గట్టిగా దెబ్బ వేసేవాణ్ని. ఆ చప్పుడులో దగ్గు కలిసిపోయేది. మొనగాణ్నే అనుకున్నాను.

చీర మగ్గం దిగింది. ఆమె దాన్ని వెలుగులో పరిచి, మడతపెట్టే ముందు ఎప్పటిలాగే వేళ్లతో తడిమింది. ఒకచోట ఆగింది. జానెడు దాటి ఇంకోచోట. గట్టి దెబ్బ పడినచోటల్లా నేత బిగుసుకొని గీతలా తేలింది. ఆ దెబ్బల కింద నలిగిన దగ్గు ఆమె చెవిన పడుతూనే ఉందన్నమాట.

"గీడ దగ్గినవా?"

నేను చీర మడతపెట్టబోయాను.

"గీడ? గిక్కడ గూడ?" ఆమె వేళ్లు కొంగు దాకా పోయాయి. "ఎందుకు దాచినవయ్యా?"

"నువ్వు నమ్మవని," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మహబూబ్‌నగర్ బస్సెక్కాం. అక్కడ దవాఖానలో గొట్టంలోకి ఊదమంటే సగంలోనే ఊపిరి అయిపోయింది. బీడీలు బంద్ చెయ్యమని కోప్పడి, డాక్టరు పీల్చే మందు రాశాడు. "దగ్గు తగ్గడానికి సిరప్ కూడా రాస్తా," అంటూ కాగితం మీద పెన్ను పెట్టాడు. నా భార్య నా వైపే చూస్తోంది. బల్ల కింద నా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఒక్క మాట మాట్లాడకుంటే చాలు, సీసా నాదే.

"సార్, అది రాయకుండ్రి. నేను దానికి అలవాటు పడ్డోణ్ని. ఏడు నెలల కింద మానేసిన."

డాక్టరు సగం రాసిన సిరప్ పేరు కొట్టేశాడు.

తిరుగు బస్సులో, గీతలు పడ్డ ఆ చీరను ఏ సేటూ కొనడని అన్నాను. "నేనే కట్టుకుంట తియ్యి," అంది.

ఇప్పుడు దగ్గొస్తే మగ్గం ఆపి, ఇల్లంతా వినబడేలా దగ్గుతున్నాను. ఆ గీతల చీర కట్టుకొని ఆమె నీళ్లు తెచ్చి ఇస్తోంది.