బాలయేసు బుగ్గన దిష్టిచుక్క

మా చిన్నప్పుడు... పాలకొల్లు దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం. నాకు తొమ్మిదేళ్ళు, మరియమ్మ వేషం. ఆ వేషం చేజారిపోతుందేమోనని నెల రోజులు ఎవరితోనూ పోట్లాడలేదు... అది నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

ఆ డిసెంబరంతా పాస్టరుగారిది ఒకటే ప్రసంగం. వాక్యం శరీరధారి కావడమంటే దేవుడు మనిషి వేషం వేసుకుని రావడం కాదు, నిజంగా మనిషై పుట్టడం అని. పెద్దవాళ్ళు తలలూపేవారు. చాపల మీద కూర్చున్న మేం ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవాళ్ళం.

అది వంటబట్టింది మా సండేస్కూలు టీచరుగారికి ఒక్కరికే. ఈసారి బాలయేసుగా పశువుల తొట్టిలో ప్లాస్టిక్ బొమ్మ వద్దు, నిజం బిడ్డే కావాలన్నారు. తీరా చూస్తే ఆ ఏడు మా సంఘంలో చంటిబిడ్డే లేడు. చివరికి మా వీధిలో చేపలమ్మే సత్తెమ్మని, ఆమె నాలుగు నెలల కొడుకుని ఇమ్మని అడిగారు. వాళ్ళు హిందువులు. అయినా దేవుడి పనే కదా అని సంబరంగా ఒప్పుకుంది.

నాటకం సాయంత్రం పిల్లాణ్ణి తెచ్చింది... బుగ్గన రూపాయి బిళ్ళంత దిష్టిచుక్కతో. బాలయేసుకి దిష్టిచుక్కేంటని టీచరుగారికి గాభరా. చెరిపెయ్యమన్నారు. పోనీ అరికాలికి పెట్టుకోమని బతిమాలారు.

“జనం చూసేది మొహమేనండి, కాళ్ళు కాదు. చుక్క లేకపోతే పిల్లోణ్ణి ఇవ్వనండి” అంది సత్తెమ్మ.

టీచరుగారు సరేనన్నారు. నా చెవిలో మాత్రం, తెర తీసేలోపు కొంగుతో తుడిచెయ్యమని చెప్పారు.

సత్తెమ్మ బిడ్డని నా ఒళ్ళో పెట్టి జనంలోకి వెళ్ళగానే తుడిచాను. ఆముదం కాటుక... అంత తేలిగ్గా పోతుందా? కొంగు తడిచేసి గట్టిగా రుద్దాను. చుక్క కాస్తా చెంపంతా పాకి, ముక్కు మీదుగా రెండో బుగ్గకి చేరింది. సరిగ్గా అప్పుడే తెర తీశారు. బాలయేసు కళ్ళు తెరిచి, నన్ను చూసి, ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. జ్ఞానులు కానుకలతో గుమ్మంలోనే ఆగిపోయారు. గొర్రెల కాపరి చెవులు మూసుకున్నాడు. నాకు ఒక్క డైలాగూ గుర్తు రాలేదు.

సత్తెమ్మ జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కేసింది. బిడ్డ మొహం చూసింది, నల్లబడ్డ నా కొంగు చూసింది. “నీకు అప్పజెప్పాను కదమ్మా” అంది, అంతే. తిట్టినా బావుండేది... సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ తొట్టి పక్కనే కూలబడి, చెంగు కప్పి పాలివ్వడం మొదలుపెట్టింది. సంఘ పెద్దల్లో గుసగుసలు. టీచరుగారు తెర వెయ్యమని చేతులూపారు. పాస్టరుగారు లేచి వద్దన్నారు.

“దిష్టి తగులుతుందేమోనని తల్లి భయపడేంత చిన్న ఒంటితో దేవుడు మన మధ్యకి వచ్చాడండి. నాలుగు వారాలుగా నేను చెప్పలేకపోయింది ఇదే” అన్నారు.

బిడ్డ గుటకలు వినిపిస్తున్నాయి. పాలు తాగాక సత్తెమ్మ వాడి మొహం తుడిచి, తన కంటి కాటుక వేలికి తీసి, మళ్ళీ చుక్క పెట్టింది. తెచ్చి నా ఒళ్ళోనే పడుకోబెట్టింది. అంత జరిగాక కూడా నా ఒళ్ళోనే... నాటకం అయ్యేదాకా నేను ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

ఇప్పుడు మా చర్చిలో పెద్ద ఎల్‌ఈడీ తెర, ఆన్‌లైన్లో తెప్పించిన ఖరీదైన బొమ్మ. ఏడవదు, పక్క తడపదు. మొన్న క్రిస్మస్‌కి వెళ్తే, ఎవరికీ ఏమీ కానట్టు తొట్టిలో పడుంది పాపం. అందరూ సెల్ఫీల హడావిడిలో ఉండగా నా కంటి కాటుక వేలికి తీసి, దాని బుగ్గన చుక్క పెట్టి వచ్చేశాను...

ఇంతకీ మీ ఊళ్ళో బాలయేసు ఎవరింటి బిడ్డండీ?