గొళ్ళెం పెట్టని వీధి తలుపు

నా చిన్నప్పుడు మేము నౌపడ స్టేషనుకు దగ్గరలో ఒక పెంకుటింట్లో సగం వాటాకు అద్దెకుండేవాళ్ళం. వాటా అనగానే గొప్పగా ఊహించుకోకండి. ఒకటే వీధి తలుపు, లోపలికి రాగానే నడవ, నడవకు అటొక గది, ఇటొక గది, పెరట్లో ఒక వంటపాక, ఒక నుయ్యి. ఒక గదిలో మా అమ్మా నేనూ ఉండేవాళ్ళం, రెండో గదిలో పిన్నీ ఆమె చంటివాడూ ఉండేవారు. పిన్ని మాకు చుట్టం కాదు. ఒకే కప్పు కింద ఉన్నాక ఏదో ఒకటి పిలవాలి కదా అని అమ్మే ఆ పిలుపు నేర్పింది. నేర్పిన కొద్దిరోజులకే వాళ్ళిద్దరికీ మాటల్లేకుండా పోయాయి. నేను మాత్రం పిన్నీ అనడం మానలేదు.

మాది భావనపాడు, వేట మీద బతికిన కుటుంబం. మా ఊరి మగవాళ్ళు చాలామంది వానాకాలం చివర్లో రైలెక్కి గుజరాత్ రేవులకు బోట్ల మీద పనికి పోయేవారు, ఎండలు ముదిరేసరికి తిరిగొచ్చేవారు. భావనపాడులో మా గుడిసె గాలివానకు పోయింది. అందుకని మా నాన్న నౌపడలో ఈ ఇల్లు చూసి, అమ్మను ఉప్పు మళ్ళలో పనికి కుదిర్చి, రైలు దిగితే నాలుగడుగుల్లో ఇల్లు అని మురిసిపోతూ రైలెక్కాడు. ఆ వేసవిలో అందరూ వచ్చారు. మా నాన్న రాలేదు. బోటు గాలికి సరిహద్దు దాటిపోయిందని, అవతలి దేశంవాళ్ళు పట్టుకున్నారని ఒకడు చెప్పాడు. మునిగిపోయిందని ఇంకొకడు చెప్పాడు. మాకేమీ తెలీదని తలొంచుకుని పోయినవాళ్ళే నిజం చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ వీధిలో అప్పటికి ఫోను అన్న మాటే లేదు. నాన్న ఎక్కడో బతికి ఉంటే ఆయనకు తెలిసిన గుమ్మం అదొక్కటే.

అందుకే అమ్మ వీధి తలుపుకు గొళ్ళెం పెట్టేది కాదు. మనిషి నీళ్ళ మీద ఉన్నంతకాలం ఆ ఇంటి తలుపు మూయకూడదని మా అమ్మమ్మ పట్టింపు, అదే అమ్మకూ వచ్చింది. పాసింజరు కూత వినపడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. దిగినవాళ్ళు ఒక్కొక్కరే మా వీధి దాటిపోయేవారు. ఆఖరి మనిషి కూడా దాటిపోయాక అమ్మ ముఖం చూడలేక నేను పెరట్లోకి పారిపోయేదాన్ని. నాన్న ముఖం మర్చిపోతానేమోనని నాకు వేరే భయం. నూతి దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుని ఆయన్ని గుర్తు తెచ్చుకునేదాన్ని. ముక్కు గుర్తొస్తే కళ్ళు గుర్తొచ్చేవి కావు.

పిన్ని మెట్ట ఊళ్ళో వ్యవసాయదారుల కోడలు. మొగుడు పోయాక పిల్లాణ్ణి ఎత్తుకుని మా పక్కగదిలోకి వచ్చింది. పొద్దు వాలితే చాలు, వెళ్ళి తలుపుకు గొళ్ళెం పెట్టేది. అమ్మ వచ్చి తీసేది. ఆమె మళ్ళీ పెట్టేది. ఆ ఇనుప చప్పుడు తలుచుకుంటే నాకిప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. మెట్ట ఊరి మోతుబరి కోడలికి మా ఎండుచేపల వాసన గిట్టక, తన ట్రంకుపెట్టెను మేమెక్కడ దొంగిలిస్తామోనని ఇలా చేస్తోందని అమ్మ అనుకుంది. వేటవాళ్ళకు ఇల్లూ వాకిలీ అన్న మర్యాద లేదని పిన్ని అనుకుంది. అనుకున్నవి మనసులో ఉంటే బాగుండేది.

ఒక సాయంత్రం రెండూ వీధిలోకి వచ్చేశాయి. మొగుడు లేనిదానికి ఎదురుచూడ్డమంటే ఏటి తెలుస్తాదని అమ్మ అంది. సచ్చినోడి కోసం తలుపు తీసి బతికున్నోళ్ళని సంపీస్తావేటని పిన్ని అంది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి వింటోంది. నోరు జారితే తీసుకోలేం అంటారు చూడండి, ఆ మాటకు అర్థం నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. పొయ్యి ముట్టించలేదు. నాన్న చచ్చిపోయాడన్న మాట అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు మరి.

మర్నాడు ఇంటి ఓనరు వచ్చాడు. ఇద్దరాడవాళ్ళూ ఒకే ఇంట్లో ఎలా సర్దుకుంటారో కాగితం రాయించి, వేలిముద్రలు వేసి తనకు చూపించాలన్నాడు. లేదంటే అమావాస్య దాటకుండా ఇద్దరూ ఖాళీ చెయ్యాలన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి లేదు, కానీ ఆ మాటతో మా ప్రాణాలు పోయినంత పనైంది. వేరే ఇల్లు దొరకదని కాదు అమ్మ ఏడ్చింది. వేరే ఇల్లు దొరికితే నాన్న ఏ తలుపు కొడతాడు? నేను బడి మానేసి గుమ్మంలో కూర్చున్నాను. మేము వెళ్ళిపోయాక నాన్న వస్తే మా కొత్త ఇల్లు ఎక్కడో చెప్పమని ఎదురింటివాళ్ళను బతిమాలుకున్నాను. వాళ్ళు సరేనన్నారు గానీ, ఆ సరే మీద నాకు నమ్మకం కుదరలేదు.

మా వీధి చివర దస్తావేజుల తాత ఉండేవాడు. టెక్కలి రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని భూముల కాగితాలు రాయడం ఆయన పని. కోపిష్టి మనిషి, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం, కాగితం సంగతి విని ఆయనే మా ఇంటికి వచ్చి, నడవలో చాప వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ ఒక గోడకు, పిన్ని ఒక గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను మధ్యలో ఉన్నాను. నూతి దగ్గర ఎవరు ముందు, వంటపాకలో ఎవరు ఎప్పుడు, చేపలు పెరట్లో ఏ మూల ఎండబెట్టాలి, వాకిలి ఎవరు ఊడవాలి, అన్నీ చకచకా రాసేశాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా తలుపు దగ్గరికి వచ్చేసరికి కథ మొదటికొచ్చింది. వెయ్యాలని ఒకరు, వెయ్యకూడదని ఒకరు. తాత కాసేపు విని, కలం మూత పెట్టేశాడు. ఇంక అయిపోయింది, అమావాస్యకు మేము రోడ్డు మీదే అనుకున్నాను.

తాత లేచిపోలేదు. "పొలం కాయితం రాసినప్పుడు నాను ముందుగాల హద్దులు అడుగుతాను," అన్నాడు. "ధర తరవాత. హద్దు తెలీకుండా రాసిన కాయితం కోర్టుకే పోతాది. ఇంతసేపూ మీకేటి కావాలో సెప్పినారు, ఏటంటే భయమో సెప్పలేదు. మడిసికి అదే హద్దు. అది సెప్పండి, రాస్తాను. ఒకలు సెప్తే రెండోవోలు నోరెత్తకూడదు."

"రైలు దిగి వస్తాడు," అంది అమ్మ. "తలుపు కొడతాడు. పగలంతా మళ్ళలో వంగి వంగి నాను పీనుగునాగ పడుకుంతాను, నాకినపడదు. ఇంటో ఎవులూ నేరనుకోని ఎల్లిపోతాడు." అక్కడ ఆగి, కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసి అంది. "గొళ్ళెం ఎట్టినానంటే ఇంక రాడని నానే ఒప్పీసుకున్నట్టు."

నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను. ఆ భయం గురించి ఆమె నాకు అంతవరకూ ఒక్క మాటైనా చెప్పలేదు. వస్తాడు, వస్తాడు అనడమే తప్ప.

పిన్ని ఎక్కువసేపు తీసుకోలేదు, ఎన్నాళ్ళనుంచో గొంతులో పెట్టుకున్నదాన్ని కక్కేసినట్టు చెప్పింది. "మరుదులు పిల్లోడ్ని ఒదిలీసి పొమ్మన్నారు. వాడి పేరున భూమి ఉన్నాది. ఎత్తుకోని వచ్చీసినాను. ఏ పొద్దో వస్తారు. తలుపు తీసుంటే ఎత్తుకుపోతారు. నాకు నిద్దర నేదప్పా. ఆడి కాలు నా కొంగుకి కట్టీసుకోని కూకుంతన్నాను."

అక్కను మా వైపు అప్ప అంటారు. తగువు మొదలయ్యాక ఆమె అమ్మను అలా పిలవడం అదే మొదలు. అమ్మ చంటివాడి కాలి కేసి చూసింది. చీలమండ చుట్టూ గుడ్డ ఒరుసుకుని ఎర్రటి గీత పడి ఉంది. ఒకే నడవలో రోజూ ఎదురెదురుగా తిరుగుతున్నా ఆ గీత మాకెవరికీ కనపడలేదు. ట్రంకుపెట్టె మాత్రం బాగా కనపడింది.

మొదట తేరుకున్నది పిన్నే. "నాకెలాగూ నిద్దర నేదు గదా," అంది. "గొళ్ళెం ఎట్టనీ. నా మంచం తలుపుకాడ ఏసుకుంతాను. ఎవులు తట్టినా ముందు పేరడుగుతాను. నీ పెనిమిటైతే తీస్తాను. పేరేటో సెప్పు."

అమ్మ నా వైపు చూసింది. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు ఆ రోజుల్లో మా ఆడవాళ్ళకు లేదు. బడిలో చేర్చేటప్పుడు కూడా నాన్న పేరు నా చేతే చెప్పించింది. నేను నోరు తెరవబోయాను. పిన్ని వద్దంది. "పిల్ల సెప్తే నాకెందుకు? అతగాడు అర్దరేతిరి తలుపు బయట నిలబడి సెప్తాడు. నీ నోట ఇన్న పేరుకే నాను తలుపు తీస్తాను."

అప్పుడు మా అమ్మ మా నాన్న పేరు చెప్పింది. మెల్లగా, ఇంటిపేరుతో సహా. చెప్పాక బావురుమంది. ఆయన వెళ్ళాక అంత ఏడుపు ఏడవడం నేను చూడలేదు. అమ్మ నోట ఆ పేరు నేను విన్నది ఆ ఒక్కసారే. ఏడుస్తూనే తాత వైపు తిరిగి, పిల్లోడి కోసం ఎవులొచ్చినా ముందు నన్ను దాటాలని రాయండి, అంది. తాత రెండూ రాశాడు. చదివి వినిపించాడు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. ఇంటి ఓనరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, అద్దె కాగితంలో ఇదేం గోలని గొణిగి, అయినా ఉండమన్నాడు.

మరుదులు వచ్చారు, వరికోతలు అయ్యాక ఒక ఉదయం. అమ్మ ఉప్పు లాగే పొడుగాటి కర్ర అడ్డంగా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తిట్టలేదు, అరవలేదు. అంత చిన్న మనిషి, గుమ్మం మొత్తం నిండిపోయింది. వీధివాళ్ళు కూడా వచ్చి చేరారు. కాసేపు గద్దించి వాళ్ళు వెళ్ళిపోయారు.

నాన్న రాలేదు. తెల్లవారుజామున పాలవాడు తట్టినా, ఇల్లు తప్పిన తాగుబోతు తట్టినా పిన్ని పేరు అడిగేది. రోజూ పాలు పోసేవాడు రోజూ పేరు చెప్పుకోవాల్సి వచ్చేది. ఊరంతా నవ్వింది. నేను లోపల్నుంచి వినేదాన్ని. ప్రతిసారీ ఆమె అడగడానికీ అవతలి మనిషి చెప్పడానికీ మధ్య ఒక్క క్షణం ఉండేది. ఆ క్షణంలో నాకు నాన్న ఉండేవాడు.

పిన్ని కొడుకు హైస్కూలుకు వెళ్ళే వయసు వచ్చింది. భూమి తగవు పెద్దమనుషుల్లో తీరిపోయింది, ఇంక ఆమెకు భయపడేందుకేమీ లేదు. ఒక వేసవి, గుజరాత్ వెళ్ళినవాళ్ళంతా మళ్ళీ తిరిగొచ్చిన రోజుల్లో, పొద్దు వాలగానే అమ్మ తనే వెళ్ళి గొళ్ళెం పెట్టింది. పిన్ని మంచం ఒక కొస పట్టుకుని, లోపలికి ఏసుకోయే, ఇంక సాలు, అంది. పిన్ని రెండో కొస పట్టుకోలేదు. "కాయితంలో అలాగ నేదప్పా," అంది. అమ్మ పోయేదాకా ఆ మంచం అక్కడినుంచి కదలలేదు.

మొన్న నా మనవరాలు ఎచ్చెర్లనుంచి ఫోను చేసింది. యూనివర్సిటీ దగ్గర స్నేహితురాళ్ళతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుందట. గ్యాసు, వైఫై, అంట్లు, చుట్టాలొస్తే ఎన్నాళ్ళుండాలి, అన్నీ అగ్రిమెంటు రాసుకున్నామని చదివి వినిపించింది. బాగానే ఉంది, పైన కొంచెం ఖాళీ వదిలి, ఎవరికి ఏమిటంటే భయమో ముందు రాసుకోండి అన్నాను. ఇదేం అగ్రిమెంటు అమ్మమ్మా అని నవ్వింది. రాసుకున్నారో లేదో నేను అడగలేదు.

నేనిప్పుడు కొడుకింట్లో ఉంటున్నాను. తలుపుకు గంట ఉంది, బయట ఎవరున్నారో చూసే కన్నం కూడా ఉంది. అయినా ఎవరు వచ్చినా నేను గొళ్ళెం తీసేముందు పేరు అడుగుతాను. ముసల్దానికి చాదస్తం అంటారు పిల్లలు. అననీ. అడిగాక ఆ ఒక్క క్షణం మాట్లాడకుండా నిలబడతాను. ఏ పేరు కోసం నిలబడ్డానో నాకు తెలుసు.