సబ్బుతో కడిగిన గాజు గొట్టం

నాకు పొగరెక్కువని ఆవపల్లి పశువుల ఆసుపత్రిలో అందరూ అంటారు. అననీండి. ఉన్నమాటే. మా నాన్న కిరందుల్ లైన్లో పట్టాల మీద పనిచేశాడు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ రాష్ట్రానికి వచ్చిన కుటుంబం మాది. రైల్వే క్వార్టర్స్‌లో మా అమ్మ గిన్నెలు తోమితే చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూసేవారు. ఆ పిచ్చి నాకూ అంటింది. నా ల్యాబ్ అంటే ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, ఒక కిటికీ. అంతే. కానీ ఆ బల్ల మీద వేలుపెట్టి దుమ్ము చూపించమనండి, చూద్దాం!

అక్కడ నేను చేసే పరీక్షల్లో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది. పశువు మెడ నరంలోంచి కాస్త నెత్తురు తీసి, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే మంచిదే. జారిపోయిందా, రక్తపింజరి కాటేసిందనో, ఎలుకల మందు తిన్నదనో అనుమానించాలి. కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు, చేతికి గడియారముంటే చాలు. ఈ పరీక్షలో నా మాటకి తిరుగులేదని నేనే అందరికీ చెప్పుకునేదాన్ని.

తొలకరికి కాస్త ముందు ఒక పొద్దున, తర్రెం దారిలోని ఒక పల్లె నుంచి ఒక ముసలామె ఎద్దును నడిపించుకుంటూ వచ్చింది. దోర్ల తెగ మనిషి. ఇంట్లో దోర్లీ, నాతో తెలుగు. ఎద్దు ముక్కులోంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది. నిన్నటి నుంచి ఆగలేదట. ఆమె తన కొంగుతో తుడుస్తూనే ఉంది, కొంగంతా ఎర్రగా అట్టకట్టింది.

"వాగు ఎండింది బిడ్డా. మిగిలిన మడుగుల నీళ్ళు తాగింది. ముక్కుల జలగ ఉన్నదేమో సూడు" అంది.

మా డాక్టర్ సాబ్ రాయపూర్ వైపు మనిషి. తెలుగు రాదు, ఆయన హిందీని నేనే తెలుగు చేసి చెప్పాలి. ఆయన టార్చి వేసి ముక్కులోకి చూశాడు. ఏమీ కనపడలేదు. మూతి కొంచెం వాచింది. ఆ మేత బీట్లోనే మొన్న రక్తపింజరిని కొట్టి చంపారని ఆమే చెప్పింది. ఆయన నా వైపు తిరిగి నెత్తురు పరీక్ష చెయ్యమన్నాడు. జలగ మాట నేను అనువాదం కూడా చెయ్యలేదు. నిజం చెబుతున్నాను, అవసరం లేదనుకున్నాను.

మెడలోంచి నెత్తురు తీసి గొట్టంలో పోశాను. ఇరవై నిమిషాలయ్యాక వంచితే సర్రున జారిపోయింది.

డాక్టర్ సాబ్ మొహం వాడిపోయింది. మా దగ్గర పాము విరుగుడు సీసాలు రెండే ఉన్నాయి. అంత ఎద్దుకి అవి ఏ మూలకి? ఆశ పెట్టుకోవద్దని ఆమెకి చెప్పమన్నాడు. చెప్పాల్సింది నేనే కదా. చెప్పాను. నా పరీక్షలో తేలింది కాబట్టి గట్టిగానే చెప్పాను.

ఆమె ఏడవలేదు. ఎద్దు మెడ మీద చెయ్యేసి నిలబడింది. "రెండిట్ల ఇది పోతే నాకు దున్నుడు లేదు. వానలు వారంల వస్తయ్" అంది. అంతలోనే నేను సూది గుచ్చిన చోట వేలు పెట్టి చూపించింది. "ఏంది బిడ్డా ఇది? నువ్వు పొడిసిన కాడ నెత్తురు ఆగింది గదా. ఈడ ఆగిన నెత్తురు ముక్కుల ఎందుకు ఆగదు?"

వంగి చూశాను. మెడ మీద సూది బొక్క దగ్గర చిన్న నల్లటి గడ్డ, ఎండిపోయి ఉంది. పింజరి విషం ఎక్కిన పశువుకి ఆ బొక్కలోంచి కూడా నెత్తురు ఊరుతూనే ఉండాలి. ఆ ముక్క నేను పుస్తకంలో చదివాను, పరీక్ష కూడా రాశాను. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు.

లోపలికి వెళ్ళి రబ్బరు తాడు పళ్ళతో లాగి నా చేతికే కట్టుకున్నాను. నా నరంలోంచే నెత్తురు తీసి, అదే స్టాండులోని ఇంకో గొట్టంలో పోశాను. ఇరవై నిమిషాలు గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. వంచాను. నాదీ జారింది.

బాగుంది! పొద్దున్నే రెండు రొట్టెలు తిని సైకిల్ తొక్కుకుంటూ వచ్చినదాన్ని, నన్ను పింజరి ఎప్పుడు కరిచింది చెప్మా!

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం నాడు, గొట్టాల అడుగున మరకలున్నాయని, బట్టల సబ్బు పొడి వేసి అన్నిటినీ తళతళలాడేలా కడిగాను. ఈ పరీక్షకి కొత్త గొట్టమే వాడాలి, లేదంటే ఒట్టి నీళ్ళతో కడిగినది వాడాలి. గాజు మీద సబ్బు పొర ఉంటే నెత్తురుకి గాజు తగలదు, గడ్డకట్టడం మొదలే కాదు. జగదల్‌పూర్‌లో ల్యాబ్ కోర్సు చదివినప్పుడు మాకు చెప్పారు. నాకు మా అమ్మ గిన్నెలు గుర్తున్నాయి గానీ అది గుర్తు లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

దాచేయొచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ బయట ఆమె ఇంకా ఎద్దు మెడ మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్ళి, "సాబ్, తప్పు నాది. గొట్టం అబద్ధం చెప్పింది" అన్నాను. సబ్బు సంగతంతా విని, ఆదివారం తర్వాత ఈ గొట్టాలతో ఇంకెన్ని పరీక్షలు చేశావని అడిగాడు. ఇదే మొదటిది, దేవుడి దయ.

రోడ్డు దాటి మనుషుల ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడి సిస్టర్ కొత్త డబ్బా విప్పి రెండు గొట్టాలిచ్చింది. ఒకదాంట్లో ఎద్దు నెత్తురు, ఒకదాంట్లో నాది. ఈసారి ఆమెను కూడా లోపలికి పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాను. ఇరవై నిమిషాలు ఇద్దరం గొట్టాల మీంచి చూపు తిప్పలేదు. ముందు నాది వంచాను, కదల్లేదు. ఎద్దుది ఆమె చేతికే ఇచ్చాను. ఆమె భయంభయంగా వంచింది, తర్వాత పూర్తిగా తలకిందులు చేసింది. ముద్దలా అంటుకుని ఉంది.

"మంచి నెత్తురే అవ్వా! నీ ఎద్దుకేం కాలేదు!" అని అరిచేశాను.

"నేను సెప్పలే?" అంది.

ఇక అంతా ఆమెదే రాజ్యం. ఒక ఇనప తట్టలో నీళ్ళు తెమ్మంది. "ముక్కు కింద పెట్టు. తాగనియ్యకు, సూపియ్యి" అంది. దాహంతో ఉన్న ఎద్దు మెడ చాపుతుంటే నేను తట్ట వెనక్కి లాగుతున్నాను. డాక్టర్ సాబ్ కొమ్ములు పట్టుకున్నాడు. కాసేపటికి ఎడమ ముక్కులోంచి నల్లగా ఒక కొస నీళ్ళ కోసం సాగింది. ఆమె ఉప్పద్దిన గుడ్డతో ఒడిసిపట్టి, తొందరపడకుండా లాగింది. నా చూపుడువేలంత జలగ! డాక్టర్ సాబ్ "అరే బాప్ రే" అని కొమ్ములు వదిలేశాడు.

జలగ పోయాక కూడా నెత్తురు కొంతసేపు కారింది. నెత్తురును గడ్డకట్టనివ్వని రసం దాని నోట్లో ఉంటుంది, కరిచిన చోట అది పోయేదాకా అంతే. ఒంట్లో నెత్తురు బాగానే ఉంది, ఆ ఒక్క చోటే ఆగలేదు. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు అదే. అది ఆమెకి విడమరిచి చెప్పాను. తల ఊపి, నా మోచేతి దగ్గర రెండు దూది ఉండల్ని చూసి, "నా ఎద్దు కోసం నీ నెత్తురు తీసినవా?" అని అక్కడ చెయ్యి పెట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇక ఆపుకోలేదు.

సాయంత్రం లోపు రిజిస్టర్ రాయాలి. హిందీలోనే రాయాలి. మొదటి పరీక్ష తప్పు, గొట్టాలు సబ్బుతో కడిగినందువల్ల, కడిగింది నేను, అని రాశాను. నా చేతిరాత అంత అందంగా ఎప్పుడూ రాలేదు. తర్వాత గడిలో రోగం ఎవరు గుర్తించారో రాయాలి. అక్కడ ఎప్పుడూ డాక్టర్ సాబ్ పేరే ఉంటుంది. ఆయన వైపు చూశాను. "జో సచ్ హై, వహీ లిఖో" అన్నాడు, ఏది నిజమో అదే రాయమని.

ఆమె అప్పటికే ఎద్దు పలుపు విప్పుతోంది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

తెలుగులో చదివి వినిపించాను: ముక్కులో జలగ. గుర్తించినది, అని చెప్పి ఆమె పేరు, ఆమె ఊరి పేరు.

పలుపు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఇంకోపాలి సదువు" అంది.

రోడ్డవతల సిస్టర్‌కి కూడా వినపడేలా చదివాను.