బావి రాళ్లతో కట్టిన వైనరీ

మదురైకి పడమట, ఆండిపట్టి దాటాక కొండల కింద మాకు ద్రాక్షతోట ఉంది. కాయలన్నీ బేరగాళ్లకే అమ్మడం ఇక చాలనుకుని, సొంతంగా వైన్ చేయాలని నాయన నిశ్చయించుకున్నారు. లైసెన్సు రాగానే మదురై నుంచి ఇంజనీరును పిలిపించి ప్లాన్ గీయించారు. నేనూ ఆర్కిటెక్టునే. కానీ ఇంటి పిల్ల గీసే గీతలు ఎవరి కంటికి ఆనతాయి?

ప్లాన్ వచ్చింది. నాలుగు బురుజులు, తెల్లటి స్తంభాలు. నేను అలిగాను. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

“ఏంప్పా, ఇది యావూరు?”

“మనవూరే అమ్మా. మన తోటలో కట్టేది.”

“మనవూర్లో ఇట్లాంటిది నేను చూడలేదే.”

నాయన కాగితం మడిచేశారు. మర్నాడు కాఫీ తాగుతూ, నువ్వే గీయమ్మా అన్నారు. సరే అని తాపీగా లేచి, గదిలోకి వెళ్లి తలుపేసుకుని గంతులేశాను.

ఆ వారం అవ్వతో తోటంతా తిరిగాను. మోటారు షెడ్డు వెనక ముళ్లపొదల కింద పెద్ద రాళ్లకుప్ప ఉంది. తాత బావి తవ్వినప్పుడు మందుపెట్టి పేల్చిన రాళ్లట. మూడు వేసవులు రోజూ మధ్యాహ్నం అన్నం మోసుకొచ్చానని అవ్వ ఒక రాతిమీద కూర్చుని చెప్పింది. గోడలు ఆ రాళ్లతోనే కట్టాలని అక్కడే అనుకున్నాను. సగం కట్టడం వాలులోకి దిగాలి, గోడలు రెండడుగుల మందం ఉండాలి, కొండ కనుమ గాలి లోపలికి వచ్చేలా పడమటికి కిటికీలుండాలి. వైనుకు కావలసింది చల్లదనమే.

పళని వైపు నుంచి మేస్త్రీ వచ్చాడు. మందు కూరడానికి తొలిచిన గాడులు కొన్ని రాళ్లమీద మిగిలాయి. ఆ పక్క లోపలికి తిప్పమన్నాను. రెండు రోజుల తర్వాత చూస్తే అన్నీ బయటికే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. బావి తవ్విన చేతులు కనబడనీయండమ్మా అని ఆయన తమిళంలో నెమ్మదిగా అన్నాడు. సాయంత్రం నాయన వచ్చి ఒక గాడిలో వేలు పెట్టి, గోడ చివరిదాకా ఒక్కొక్కటీ తడుముతూ నడిచారు. ఇంక మార్చమనలేదు నేను.

కప్పు వేసేసరికి చిత్తిరై నెల ఎండలు మొదలయ్యాయి. అవ్వ లోపలికొచ్చి గోడకు వీపు ఆనించింది.

“ఈడ నాకొక మంచం వెయ్యండి. ఫ్యానుగూడా వేండాం, అక్కర్లే.”

అక్కడికి వైన్ ట్యాంకులొస్తాయని నాయన చెప్పారు. వచ్చేదాకా పండుకుంటానంది. మూడోనాటికి పక్కతోటల నుంచి ఇంకో ఇద్దరు ముసలమ్మలు చాపలతో వచ్చారు. ట్యాంకుల లారీ వచ్చిన మధ్యాహ్నం ముగ్గురినీ లేపాల్సి వచ్చింది. నాయన నవ్వు ఆపుకోలేక మెట్టుమీద కూలబడ్డారు.